పట్టా పిమ్మట కాయకము



శివరాత్రి జాతరకు కురవి వీరభద్రస్వామి సన్నిధికి వచ్చు కుటుంబములలో, కళాశాల చదువు ముగించియు ఉద్యోగము దొరకని కుమారుని వెంటబెట్టుకొని వచ్చువారు ప్రతి యేటను కానవత్తురు. తల్లి కోరమీసముల మ్రొక్కు చెల్లించుచుండును. కుమారుడు మాత్రము, బంధువులెవరైన “ఏమి చేయుచున్నావు, నాయనా?” అని యడుగుదురేమోనని స్తంభము చాటున నిలుచును. ఆ చాటున ఒకప్పుడు నేనును నిలిచితిని.

పట్టా పుచ్చుకొన్న పిదప పోటీపరీక్షలు తప్పితిని. ఒక ప్రైవేటు బడిలో చేరితిని. ఏడాది తిరుగకమునుపే అది మూతపడినది, మూడు నెలల జీతము చేతికి రాలేదు. అటుపిమ్మట బట్టల దుకాణమున పద్దులు వ్రాసితిని. పండిత శిక్షణ, ఉపాధ్యాయ పదవి ఆ తరువాతివి. ఆ పద్దుల సంగతి చాలకాలము ఎవరికిని చెప్పలేదు. పనియందు దోషము లేదు, దాచుటయే దోషము.

బసవేశ్వరుడే బిజ్జలుని కొలువున మంగళవాడలో లెక్కలు వ్రాయు కరణికుడుగా మొదలిడెనని పెద్దలు చెప్పుదురు. పిదప కల్యాణమున భాండాగారాధిపతి యయ్యెను. తుదకు ఆ కల్యాణమును వీడి కూడలసంగమమునకు మరలెను. మోళిగ మారయ్య కథ ఇంకను వింత. కాశ్మీర రాజ్యమును విడిచి, కల్యాణమునకు వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి మోపులమ్మి జంగమారాధన సలిపెనట! రాజు కట్టెలవాడాయెనే యని జాలిపడినవారు ఆనాడును ఉండియుందురు. ఆయన మాత్రము మోపు దింపలేదు.

“అవి పురాతనుల మాటలు, ఈ కాలమున చెల్లునా?” అందురా? మన మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరున 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులను తలపుడు. ఆయన మన సంప్రదాయమువాడు కాడు, వైష్ణవుడు, అయినను చెప్పదగినవాడు. ఉస్మానియాలో బి.ఏ. చదివినవాడు. నిజాము నెదిరించి చెరసాల చూచెను. బడిపంతులుగా, పంచాయతీ ఇన్‌స్పెక్టరుగా, ఆకాశవాణి ప్రయోక్తగా పనిచేసెను. 1961 నుండి సినిమా పాటలు వ్రాసెను. 1974లో సాహిత్య అకాడమీ పురస్కారము, 1977లో రాష్ట్ర ఆస్థానకవి పదవి లభించెను. 1983లో ఆ పదవియు పోయెను. ఇన్ని కొలువులు మారినను ఆయన కలము మారలేదు.

కాయకమనగా దొరికినదానితో నోరు మూసికొని పడియుండుట కాదు. రావలసిన కూలి అడిగి తీసికొనవలెను. తప్పిన పరీక్షను మరల వ్రాయవచ్చును. వ్రాయుచు, ఈ నడుమ ఖాళీగా ఉన్నానని ఏడ్వక, చేతనైన పని చేయవలెను.

తండ్రులకు ఒక మనవి. రాబోవు జాతరలో ఎవరైన అడిగినచో, బిడ్డ తలవంచుకొనకమునుపే మీరే చెప్పుడు: “మావాడు ఎరువుల దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు. రాత్రి పూట చదువుకొనుచున్నాడు.”