కార్డు ఫలమునకు యజమాని యెవరు?

కుటుంబమున కంతటికిని ఒకే క్రెడిట్ కార్డు నుంచుకొని, నెలవారీ వెచ్చములు, బడి ఫీజులు, పెద్దల మందులు, పెట్రోలు అన్నియు దానిమీదనే నడుపు గృహస్థునకు బ్యాంకు ఒక వికల్పమును చూపును: వ్యయములో కొంత శాతమును క్యాష్‌బ్యాక్ పేరిట రొక్కముగా తిరిగి పుచ్చుకొనుటయా, లేక పాయింట్లుగా కూడబెట్టి విమాన ప్రయాణమునకు వినియోగించుటయా? ఇది కేవలము లెక్కల ప్రశ్న యని పలువు రందురు. లెక్క కొంత కలదు, కాదనను. కాని ఏ కర్మకు ఏ ఫలము, ఆ ఫల మెప్పుడు, ఎవరికి అను విచారమును జైమిని మొదలుకొని తరతరములుగా సాగించిన పూర్వమీమాంసకులు మనకు ఉండగా, దీనిని గుమాస్తా లెక్కకు విడిచిపెట్టుట నాకు న్యాయముగా తోచదు.

వానలు లేక పైరు లెండుచున్నపుడు చేయు కారీరీష్టికి ఫలము వెంటనే కనబడవలయును. పైరు మాడిన పిదప కురిసిన వాన ఎవరికి కావలయును? జ్యోతిష్టోమ యాగ ఫలమైన స్వర్గమో, దేహము విడిచిన పిదప గాని లభింపదు. నేడు ముగిసిపోవు యజ్ఞము ఏనాడో రాబోవు స్వర్గమునకు కారణ మెట్లగునను శంక పుట్టగా, కర్మకును ఫలమునకును నడుమ నిలిచియుండు అపూర్వమను శక్తిని మీమాంసకు లంగీకరించిరి. క్యాష్‌బ్యాక్ కారీరి జాతికి చెందినది. పాయింట్లు అపూర్వము జాతివి. చేతికి రావు, ఉన్నవని నమ్ముకొని యుండవలయును. అయితే వేదము అపౌరుషేయము, దాని విధిని మార్చగలవాడు లేడు. పాయింట్ల విధి యన్ననో, నిన్నటివరకు పదివేల పాయింట్లకు వచ్చిన టికెట్టు రేపటినుండి పదిహేనువేలకు గాని రాదని బ్యాంకుగాని విమాన సంస్థగాని ఒక ప్రకటనతో శాసింపగలదు. గడువు దాటెనని అపూర్వము రద్దైనట్లు మీమాంసా వ్యాఖ్యాతలైన శబరస్వామి గాని కుమారిలభట్టు గాని చెప్పినట్లు నే నెఱుగను. ఇక ఈ రెండు ఫలములలో ఏది ముందు పుట్టినదో చూతము. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు ప్రయాణికులకు మైళ్ళు జమకట్టు పథకమును 1981లో నారంభించిరి. ఆంధ్రా బ్యాంకు మనవారి చేతికి క్రెడిట్ కార్డు నందించినదియు ఆ సంవత్సరమే. రొక్కము తిరిగి యిచ్చు డిస్కవర్ కార్డు అమెరికాలో దేశమంతట వ్యాపించినది 1986లో. చరిత్రలోను స్వర్గమే ముందు, వాన తరువాత.

ఇక ముఖ్యమైన ప్రశ్న, ఫలము ఎవరిది? యాగమును స్వయముగా నడిపించు ఋత్విక్కులకు దక్షిణయే గాని ఫలము లేదనియు, ద్రవ్యమును త్యాగము చేసిన యజమానునిదే ఫలమనియు మీమాంసకుల నిర్ణయము. అంతటితో నాగక, జైమిని సూత్రములలోని యాఱవ యధ్యాయము పత్నికిని యాగాధికారము కలదని స్థాపించినది. ద్రవ్యము దంపతు లిరువురిది గనుక ఫలమును ఇరువురిదే. బ్యాంకు ఇంత దూరము రాలేదు. ఇల్లాలు తన యాడ్-ఆన్ కార్డుతో కొన్న బియ్యము, పప్పు, నూనెలకు వచ్చిన పాయింట్లన్నియు ప్రధాన కార్డుదారు ఖాతాలోనే చేరును. ఆయన వానితో మిత్రబృందమును గూడి సింగపూరు చూచి వచ్చినచో అడుగువారు లేరు. ఇచట ఆస్తి పంపకములను విచారించిన ధర్మశాస్త్ర వ్యాఖ్యయగు విజ్ఞానేశ్వరుని మితాక్షర అక్కఱకు వచ్చును. పితృద్రవ్యమునకు నష్టము రాకుండ స్వయముగా సంపాదించినది మాత్రమే స్వార్జితము. ఉమ్మడి సొమ్ముతో గడించినది ఉమ్మడిదే. ఈ న్యాయమున, తాతగారి మందుల బిల్లుపై వచ్చిన పాయింటులో తాతగారికిని భాగము కలదు. రొక్కమును పంచవచ్చును, విమానములోని ఒక్క సీటును పంచుట యెట్లు? కావున సామాన్య గృహములకు క్యాష్‌బ్యాకే ధర్మసమ్మతమని నా యభిప్రాయము. ఆ రొక్కము బిల్లులో తఱుగుగా కలిసిపోయి ఎవరి యనుభవమునకును రాదని కొందఱాక్షేపింతురు. బియ్యములో కలిసిపోయిన రూపాయిని ఇంటిల్లిపాదియు తినిరి గదా!

ఈ విచారమంతయు నెలనెల బాకీ పూర్తిగా తీర్చువారికే. తాకట్టు లేని యప్పుపై నెలకు నూటికి రెండు వడ్డీ పుచ్చుకొనుట దోషము కాదని మనుస్మృతి యనుమతించినది. మన దేశమున కార్డు బాకీపై నెలకు మూడున్నర శాతము సర్వసాధారణము. మినిమమ్ డ్యూ మాత్రము కట్టుచు నూటికి ఒకటో రెండో తిరిగి వచ్చినదని మురియువానికి ఏ శాస్త్రమును తోడు రాదు.

ఒక సందర్భమున మాత్రము ప్రయాణపు పాయింట్ల పక్షము వహింతును. డల్లాసులో కాపురముండి, గుంటూరులోని తల్లిదండ్రులను రెండేండ్ల కొకమాఱైన చూచి తీరవలయునని కార్డు చేతికి రాకముందే నిశ్చయించుకొన్న దంపతుల విషయమున సంకల్పము ముందు పుట్టినది, సాధనము వెనుక వచ్చినది. పైగా ఇంటిల్లిపాదియు కదలు ప్రయాణము కావున పంపకపు తగవు లేదు. దీనిని తలక్రిందు చేసి, పాయింట్లున్నవి గనుక ఎచటికైన పోవుదమనుకొనుట వేఱు. వేఱొక పనిమీద పోవుచు ప్రసంగవశమున తీర్థమును సేవించినవానికి తీర్థఫలములో సగమే దక్కునని ధర్మశాస్త్ర నిబంధకారులు చెప్పిరి. పాయింట్ల గడువు మార్చి 31తో తీరుచున్నదని కాశికి బయలుదేరువానికి ఎన్నవ పాలు దక్కునో వారు వ్రాయలేదు గాని, సగమునకు మించదని నా యూహ.