కడబంతి

ఆత్మకూరుకు సముద్రం లేదు. ఉన్నది నల్లమల, కృష్ణ, శ్రీశైలం జలాశయం నిండితే మునిగిపోయి ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడే సంగమేశ్వరం గుడి. అక్కడి నుంచి అవతలి ఒడ్డున సోమశిలకు పడవ ఎక్కేవాణ్ణి ఏం కట్టుకున్నావని ఎవరూ అడగరు. అయినా ఓడలో రాత్రి భోజనానికి ఏం వేసుకోవాలన్న ప్రశ్న ఇప్పుడు మా ఇళ్లలోకీ వచ్చింది. పిల్లలు డాలస్‌లోనో హూస్టన్‌లోనో ఉద్యోగాల్లో ఉంటారు. అమ్మానాన్నలు కొన్ని నెలలు ఉండి రావడానికి వెళ్తారు. గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే విహారనౌకలో తిప్పుకొస్తామని పిల్లలు టికెట్లు తీస్తారు. పెట్టె సర్దే రోజు ఫోన్‌లో కొడుకు మాట: “నాయనా, ఒక రాత్రి మాత్రం జీన్స్ వేసుకుంటే భోజనాల హాల్లోకి రానియ్యరంట.” ఆ నాయన పుట్టి బుద్ధెరిగి జీన్స్ వేసింది లేదు. ఆయన అడిగేది వేరు: “మరి పంచె కట్టుకుంటే ఒప్పుకుంటారేంరా?”

సెలవుల్లో సరదాగా తిరగబోయేవాళ్ల మధ్య పుట్టిన ఈ ప్రశ్నను చిన్నదని పక్కన పెట్టలేకపోతున్నాను. తిండి దగ్గర బట్టను చూసి మనిషిని కూర్చోబెట్టడం, లేపడం మా నేలకు కొత్త కాదు.

ముందు నౌకల వైపు నుంచి చూడాలి. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. క్యూనార్డ్ కంపెనీ క్వీన్ మేరీ 2 నౌకలో కొన్ని రాత్రులను గాలా సాయంత్రాలంటారు. ఆ రాత్రి పెద్ద భోజనశాలకు మగవాళ్లు నల్లకోటు, బో టై గానీ ముదురు రంగు సూటు గానీ వేసుకుని రావాలి. అలా తయారవడం ఇష్టం లేనివాళ్లు బఫేకు వెళ్లి తినొచ్చు. ఎవరినీ పస్తు పడుకోబెట్టరు. అమెరికా రేవుల నుంచి తిరిగే మామూలు విహారనౌకల్లో ఇంత పట్టు లేదు. చిరుగుల్లేని జీన్స్‌కు చాలా రాత్రులు అడ్డు చెప్పరు. మన విశాఖకు కూడా 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ నౌక వచ్చింది కాబట్టి, ఈ పేచీ కోసం ఇకమీదట అమెరికా దాకా పోనక్కర్లేదు.

పెళ్లయి యాభై ఏళ్లు నిండిన సందర్భానికని ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టుకుని ఓడెక్కిన ముసలి దంపతులు ఆ హాల్లో ఉంటారనుకుందాం. జీవితంలో ఒక్క రాత్రయినా తమ చుట్టూ అందరూ పండగలా కనిపించాలని వాళ్లు కోరుకుంటే అందులో తప్పేముంది? మనమూ పెళ్లికి పోతూ ఉతికిన చొక్కా తొడుక్కుంటాం. అది మన ఒంటికి హాయి అని కాదు, పెళ్లి చేసేవాళ్ల సంతోషాన్ని గుర్తించామని చెప్పడానికి. ఎదుటివాళ్ల కోసం కాస్త శ్రమపడి తయారవడం మనిషి చేసే మంచి పనుల్లో ఒకటి. జీన్స్ నా ఇష్టం, నా ఒళ్లు నా సొంతం అనే వాదన ఈ సంగతిని పట్టించుకోదు. అందుకే ఆ వాదనతో నాకు సగం మాత్రమే పొత్తు.

మిగతా సగాన్ని గాంధీ జీవితంలోని రెండు ఓడ ప్రయాణాలు తేటపరుస్తాయి. 1888 సెప్టెంబరులో పద్దెనిమిదేళ్ల మోహన్‌దాస్ బొంబాయిలో క్లైడ్ అనే ఓడ ఎక్కాడు. ఒంటి మీద నల్ల సూటు ఉంది. అయినా భోజనాల బల్ల దగ్గరకు వెళ్లలేకపోయాడు. కత్తీ ఫోర్కూ పట్టడం రాదు, ఏ వంటకంలో మాంసం ఉందో అడగడానికి నోరు రాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లు గదిలోనే కూర్చుని తిన్నాడు. తెల్ల ఫ్లానెల్ సూటును దిగే రోజు కోసం దాచుకుని, తీరా దిగాక అలాంటి బట్టల్లో ఉన్నది తానొక్కడినేనని గ్రహించి కుంచించుకుపోయాడు. ఆత్మకథలో ఆయనే చెప్పుకున్న సంగతులివి. ఆ కుర్రవాణ్ణి తలుపు దగ్గర ఎవరూ ఆపలేదు. ఎవరూ ఆపకుండానే ఆగిపోయే మనుషుల లెక్క ఏ నౌకలోనూ రాసుకోరు. నియమం ఉందని తెలియగానే, తనకు సరిపోదేమో, అందరూ తననే చూస్తారేమో అని గదిలోనే ఉండిపోయే పెద్దవాళ్లు మన తల్లిదండ్రుల్లో ఎంతమంది లేరు!

అదే మనిషి 1921 సెప్టెంబరులో మధురైలో కొల్లాయి కట్టాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే కడపకూ కర్నూలుకూ వచ్చాడు. ఆ కట్టులో ఆయనను తొలిగా చూసినవాళ్లలో మా సీమ జనం ఉన్నారు. 1931లో ఆ కొల్లాయితోనే రాజ్‌పుటానా ఓడలో ఇంగ్లండుకు వెళ్లాడు, ఆ నవంబరులో ఐదో జార్జి ఇచ్చిన తేనీటి విందుకు బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోకీ ఆ కట్టుతోనే నడిచాడు. రెండు ప్రయాణాల మధ్య 43 ఏళ్లు. గదిలో దాక్కున్న కుర్రవాడికీ, రాజు ముందు మోకాళ్లు కనిపించేలా నిలబడిన మనిషికీ మధ్య మారింది ధైర్యమొక్కటే అంటే నేను ఒప్పుకోను. గాంధీ గనక లోపలికి రానిచ్చారు. ఆయన ఎవరి పేదరికాన్ని ఒంటి మీద కట్టుకున్నాడో ఆ మధురై కూలీ అదే కొల్లాయితో వచ్చి ఉంటే, గేటు దగ్గరే మాట పూర్తయ్యేది. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయినా, 2014 జూలైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్ పంచె కట్టుకుని వెళ్లినందుకు చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బు ఆయనను లోపలికి రానివ్వలేదు. ఆ ఏడాదే తమిళనాడు శాసనసభ అలాంటి ఆంక్షలను తొలగిస్తూ చట్టం చేసింది. ఆపింది న్యాయమూర్తిని కాకపోయుంటే ఆ చట్టం వచ్చేదా?

ఇంతకీ జీన్స్ చేసిన పాపమేమిటి? అది కూలివాడి బట్టగా పుట్టింది. నెవాడా రాష్ట్రం రీనో పట్నంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, పనిలో ప్యాంట్లు చిరిగిపోకుండా జేబు మూలల్లో రాగి రివెట్లు కొట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కో బట్టల వ్యాపారి లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు తీసుకున్నాడు. గనుల్లో, పొలాల్లో, రైలు దారుల మీద చెమటోడ్చేవాళ్లు తొడుక్కున్నారు. దాని నీలం రంగుతో మా నేలకూ ఒక సంబంధం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో కడప, కర్నూలు జిల్లాలు నీలిమందు సాగుకు పేరుపడ్డవి. నీలి ఆకు కోసి తొట్లలో నానబెట్టి, ఆ నీళ్లను చిలికి, అడుగున పేరుకున్న నీలాన్ని బిళ్లలు చేసి ఆరబెట్టేవాళ్లు. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలాన్ని అంగడికి తెచ్చాక ఆ సాగు చితికిపోయింది. ఇప్పుడు మాకు పడమరనున్న బళ్లారిలో, రాయదుర్గంలో జీన్స్ కుట్టు పని ఉంది. మిషను ముందు నడుము వంచి పీసుకింతని కూలికి కుట్టే ఆడవాళ్లున్నారు. రంగు తీసినవాళ్లూ, కుట్టేవాళ్లూ, మొదట తొడుక్కున్నవాళ్లూ అందరూ రెక్కలాడితే గానీ డొక్కాడనివాళ్లే. అలాంటి బట్ట వెండి చెంచాల బల్ల దగ్గర పనికిరాదంటే, పనికిరానిది బట్టేనా, బట్ట గుర్తుచేసే పని కూడానా?

ఇక్కడితో ఆపితే నాకు సుఖంగా ఉండేది. కానీ ఆ పనిచేసే మనిషే ఒప్పుకోడు. మా పక్క మడిలో దిగి వచ్చిన మనిషి మట్టి బట్టతో కంచం ముందు కూర్చోడు. కాళ్లూ చేతులూ మొహం కడుక్కుని, ఉంటే ఇంకో పంచె చుట్టుకుని, అప్పుడు సంగటి ముద్ద ముందుకు లాక్కుంటాడు. పనికి ఒక బట్ట, తిండికి ఒక బట్ట అన్న తేడా దొరల దగ్గర నేర్చుకున్నది కాదు. ఆ తేడాలో తిండి పట్ల గౌరవం ఉంది, పగలంతా ఒళ్లు ఇంకొకరి చేనుకు ఇచ్చి ఇప్పుడు మళ్లీ తన మనిషి తానవుతున్న నిబ్బరం ఉంది. కూలివాడి బట్టకు గౌరవమిద్దామని జీన్స్‌తో విందుకు వెళ్లేది ఎక్కువగా చెమట అంటని ఉద్యోగాలవాళ్లే. జీన్స్ కుట్టే రాయదుర్గం ఆడమనిషి పెళ్లికి పోతే పెట్టెలోంచి మంచి చీర తీస్తుంది. ఆమెను అడిగితే ఓడ నియమం సబబే అంటుందేమో. ఆ జవాబును కాదనే అధికారం నాకుందా?

అయితే ఆమె పెట్టెలో చీర ఉండటమూ, ఆ చీర కట్టుకోవడానికి ఊరు ఒప్పుకోవడమూ రెండు వేరు సంగతులు. మా సీమ పల్లెల్లో కొన్ని వీధుల్లో కొందరు చెప్పులు చేత పట్టుకుని నడిచిన కాలం మరీ దూరంలో లేదు. పెద్దింటి అరుగు ముందుకు రాగానే భుజం మీది తువ్వాలు చంకలోకి దిగేది. విందు జరిగితే వాళ్లు గడప బయట, చివర్లో, మిగిలింది తినేవాళ్లు. ఓడ నియమం మంచి బట్ట వేసుకుని రమ్మంటుంది. ఊరి నియమం మంచి బట్ట వేసుకోవద్దంది. 2012లో తమిళనాడులో ఒక కులనాయకుడు దళిత కుర్రాళ్ల జీన్స్ ప్యాంట్ల మీదా, నల్ల కళ్లద్దాల మీదా బహిరంగంగా విరుచుకుపడ్డాడు. అక్కడ నేరం జీన్స్ మాసిన బట్ట కావడం కాదు, అది మరీ మంచి బట్ట కావడం. ఒకే బట్ట ఒకచోట తక్కువై, ఒకచోట ఎక్కువై మనిషిని బయట నిలబెడుతున్నప్పుడు, గొడవ బట్టదని ఎలా నమ్మను? ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముందే ఖరారు చేసుకున్న మనసు ఒకటి ఉంటుంది. బట్ట దానికి సాకు. క్వీన్ మేరీలో ఆ మనసు ఉందని నేననడం లేదు. అక్కడి నియమం టికెట్టు కొన్న అందరికీ ఒకటే, ముందే చెబుతారు, బయట ఉన్నవాడికీ అదే రాత్రి వేడి తిండి దొరుకుతుంది. ఇంత తేడాను చూడకుండా రెంటినీ ఒకే గాటన కడితే, గడప బయట తిన్నవాళ్ల బాధను చులకన చేసినట్టవుతుంది.

ఉగాదికి ముందు కన్నడ భక్తులు వేలమంది ఆత్మకూరు మీదుగా శ్రీశైలం నడుస్తారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం వాళ్ల అడవి దారి. దుమ్ము కొట్టుకుపోయిన పంచెలు, చిరిగిన చొక్కాలు, కుర్రవాళ్లవైతే జీన్స్ ప్యాంట్లు. దారి పొడవునా అన్నం పెట్టేవాళ్లు విస్తరి చూస్తారు గానీ బట్ట చూడరు. అదే జనం కొండ మీదికి చేరాక, స్పర్శదర్శనానికి మగవాళ్లు పంచె కట్టుకోవాలంటారు. జీన్స్ మీదే పంచె చుట్టి వరుసలో నిలబడే కుర్రాళ్లను చూస్తుంటాం. మల్లన్న దగ్గరికి ఏ కులంవాడైనా వెళ్లి లింగాన్ని తాకవచ్చన్నది ఆ కొండ పాత గొప్పతనం. ఆ తలుపు తెరిచే ఉంచి పంచె అడిగితే నేను కట్టుకుంటాను.

ఇదే కొండకు పన్నెండో శతాబ్దంలో అక్కమహాదేవి బట్టలన్నీ వదిలేసి, జుట్టే కప్పుకుని వచ్చింది. దారిలో కళ్యాణ పట్టణంలో శివశరణుల సభ ముందు అల్లమప్రభువు ఆమెను నిలదీశాడని వీరశైవులు చెప్పుకుంటారు. అన్నీ వదిలినదానివి, జుట్టెందుకు కప్పుకున్నావని. తన దేహం చూసి మీరు నొచ్చుకోకూడదని అంది ఆమె. ఎవరి ఆజ్ఞకూ లొంగని స్త్రీ, ఎవరూ అడగకముందే ఎదుటివాళ్ల కంటి కోసం కప్పుకుంది. దుస్తుల మర్యాద గురించి నాకు తెలిసినంతలో ఇంతకన్నా లోతైన జవాబు లేదు. బట్టలు విప్పే స్వేచ్ఛ ఉన్న మనిషి మాత్రమే ఆ జవాబు చెప్పగలదు. నియమానికి భయపడి కోటు తొడుక్కున్నవాడు చెప్పలేడు. అందుకని ఓడలో ఆ రాత్రి నా దగ్గర మంచి బట్ట ఉంటే కట్టుకుని వెళ్తాను. వెంట ఉన్నవాళ్లలో ఒక్కరికి జీన్స్ తప్ప లేకపోతే, లేదా ఆ హాలంటేనే బెరుకు ఉంటే, అందరం కలిసి బఫేకు పోవాలంటాను.

ఒక్క సంగతి మాత్రం తెగడం లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మనకో సామెత. ఆ ఓడల్లో వడ్డించేవాళ్లు గోవా నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, ఇండోనేషియా నుంచి ఇల్లూ పిల్లలనూ వదిలి నెలల తరబడి పనికి వచ్చినవాళ్లు. గాలా రాత్రే కాదు, ప్రతి రాత్రీ ఇస్త్రీ మడత చెదరని బట్టల్లో ఉండేది వాళ్లే. హాల్లోకి రావడానికి మంచి బట్టే అర్హత అయితే, అందరికన్నా ముందు కూర్చోవలసింది వాళ్లు. కానీ వాళ్లు కింది అంతస్తులో, సిబ్బందికి వేరుగా ఉన్న గదిలో తింటారు. ఏ బంతిలో లెక్కపెట్టాలి వాళ్లను?