ఉపగూహనము, స్థితీకరణము

శ్రావకుల అష్టమూలగుణములలో మద్యత్యాగము మొదట చెప్పబడినది. అందుచేతనే, శ్రావకుల ఇంట ఒకడు త్రాగుడునకు లోబడినచో వానికంటె ఒంటరివాడు మరియొకడుండడు. ఇంట చెప్పుకొనలేడు, జినాలయమున చెప్పుకొనలేడు. మానుటకు మనసున్నను నోరు విప్పుటకు చోటు లేదు.

అట్టి చోటు బెంగుళూరులో కలదు. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమున త్రాగుడుచే చెడిన ఇద్దరు, ఒక షేర్ల వ్యాపారి, ఒక శస్త్రవైద్యుడు, ఒకరినొకరు నిలుపుకొనగా 'ఆల్కహాలిక్స్ అనానిమస్' పుట్టినది. ఆ సంఘపు సమావేశములు నేడు ఈ నగరమున పలుచోట్ల జరుగుచున్నవి. రుసుము లేదు, కులమతముల ప్రశ్న లేదు. మానవలెనను కోరిక యొక్కటే అర్హత.

వచ్చినవాడు తన పూర్తి పేరు చెప్పనక్కరలేదు. తన పాట్లు చెప్పుకొనును, ఇతరులవి వినును. అచట విన్నది అచటనే విడిచిపోవుట మర్యాద. జన్మాంతము మానుమని ఎవరును ఒత్తిడి చేయరు. ఈ ఒక్క దినము మానిన చాలునందురు. దోషమును చెప్పుకొను ఆలోచన, దానినుండి మరలు ప్రతిక్రమణము, కాలపరిమితితో విడుచు ప్రత్యాఖ్యానము ఎరిగినవారికి ఇది క్రొత్త మార్గమా?

సమ్యగ్దర్శనమునకు ఎనిమిది అంగములు. భక్తుని వేషమున వచ్చి రత్నము దొంగిలించినవాడు పట్టుబడగా, జినేంద్రభక్త శ్రేష్ఠి అది తానే తెప్పించితినని చెప్పి ధర్మమునకు అపవాదు రానీయలేదు. అది ఉపగూహనము. మనసు చలించిన తోటి మునిని శ్రేణికుని కుమారుడు వారిషేణుడు విడిచిపోక, తిరిగి వ్రతమున నిలిపెను. అది స్థితీకరణము. మొదటిదానిని రెండవదానినుండి విడదీయరాదు. దోషమును దాచుటయనగా సీసాను దాచుట కాదు. పరువుకై ఊరకుండి, ఆ మనిషి నశించుచుండగా చూచుట ఉపగూహనము కానేరదు.

మరియొక జాగ్రత్త. బహుకాలము మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము రావచ్చును. ముందుగా వైద్యుని చూడవలెను. బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రియందు ఇందుకై ప్రత్యేక విభాగము కలదు.

కావున శ్రావక సోదరీసోదరులారా! మీ ఇంటివాడెవడైన సాయంకాలము అట్టి సమావేశమునకు బయలుదేరినచో, నలుగురిలో ఆరా తీయకుడు. సూర్యాస్తమయమునకు ముందే భోజనము పెట్టి పంపుడు. తిరిగి వచ్చువరకు తలుపు గడియ వేయకుడు.