పాపకు, పేపర్ల లెక్క గురించి

పాపా,

గూగుల్ స్కాలర్‌లో నీ పేరు కింద ఎన్ని పేపర్లున్నాయో, ఎవరు ఉటంకించినారో రోజూ చూసుకుంటున్నావని మీ నాయన చెప్పినాడు. నీ తోటివాళ్లకు ఐదారున్నాయి, నీకు రెండేనని దిగులంట. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోయి పాథాలజీ పీజీ చేస్తున్న బిడ్డవు, ఆ దిగులు నాకు అర్థమవుతుంది. థీసిస్ రాయాల్సిందే, రేపు ప్రమోషన్‌కు పేపర్లు అడుగుతారు కూడా. అయినా ఈ పెదనాయన మాట ఒకటి విను. ఒక పేపరు ఎందుకు బతుకుతుందో చెప్తాను.

డాక్టర్ జనార్దన్ కె. రెడ్డి మన తెలుగువాడే, నీ శాఖవాడే. షికాగోలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పాథాలజీ విభాగాధిపతిగా చేసినాడు. కొవ్వు తగ్గించే క్లోఫైబ్రేట్ మందు ఎలుకల కాలేయ కణాల్లో పెరాక్సిసోములను విపరీతంగా పెంచుతుందని అప్పటికే తెలుసు. రసాయనికంగా దాంతో ఏ పోలికా లేని రెండు మందులు కూడా అదే మార్పు తెస్తాయని ఆయన 1975లో ‘సైన్స్’ పత్రికలో చూపించినాడు. పోలిక లేనివి ఒకే పని ఎట్లా చేస్తాయి? ఆ ప్రశ్నను ఆయన చేతిలోంచి జారనివ్వలేదు. ఈ కోవ మందులు ఎలుకల్లో కాలేయ కేన్సర్ తెస్తాయని, అయితే డీఎన్‌ఏను నేరుగా దెబ్బతీసే మామూలు కేన్సర్ కారకాల్లాంటివి కావని 1980లో ‘నేచర్’లో రాసినాడు. ఆ పేపరు రెండే పేజీలు, పాపా! ఈ మందులను పట్టుకునే రిసెప్టర్ కణంలో ఏదో ఉండాలని ఆయన బృందం అంటూ వచ్చింది. 1990లో ఇంగ్లండులో ఇస్సెమన్, గ్రీన్ దాన్ని కనిపెట్టినారు. అదే పీపీఏఆర్. మనిషి కాలేయం ఎలుక కాలేయంలాగా స్పందించదని తర్వాత తేలింది, అందుకే ఈ కోవదే అయిన ఫెనోఫైబ్రేట్ ఇప్పటికీ వాడుతున్నారు. నంద్యాల మందుల షాపుల్లో షుగర్ రోగులు కొనుక్కునే పియోగ్లిటజోన్ కూడా పీపీఏఆర్ కుటుంబంలోని ఇంకో రిసెప్టర్ మీదనే పని చేస్తుంది.

1975 నుంచి 1990 అంటే పదిహేనేళ్లు. మధ్యలో ఏ సంవత్సరం నిలబడి సైటేషన్లు లెక్కపెట్టినా, ఆ పని ఎంత దూరం పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. చూసింది ఉన్నదున్నట్టు డాక్టర్ రెడ్డి రాసిపెట్టినాడు కాబట్టి వెనక వచ్చినవాళ్లు దాని మీద కాలు మోపగలిగినారు.

రచయితల పేర్ల వరస మీద కూడా మనసు పాడు చేసుకోవద్దు. ఫార్బర్ అనే అమెరికా డాక్టరు కూడా పాథాలజిస్టే. బోస్టన్‌లో ల్యుకేమియా పిల్లలు పదహారు మందికి అమినోప్టెరిన్ ఇచ్చి, పదిమందిలో గుణం చూసి, 1948 జూన్‌లో ప్రచురించినాడు. ఆ మందు లెడర్లీ కంపెనీలో మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారు చేసింది. పేపరు రచయితల్లో ఆయన పేరు లేదు. రెండు నెలలకే ఆయన పోయినాడు కూడా. న్యాయంగా రావాల్సిన చోట నీ పేరు అడుగు, గట్టిగానే అడుగు. రాకపోయినా పని మాత్రం ఆపవద్దు.

ఒక్క విషయంలో నేను కఠినంగానే చెప్తాను. డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే పత్రికల జోలికి పోవద్దు. హైదరాబాదు నుంచి నడిచిన ఒక ప్రచురణ సంస్థ సరైన సమీక్ష లేకుండానే పేపర్లు వేసుకుంటూ రచయితలను మోసం చేసిందని, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని 2019లో అమెరికా కోర్టు తీర్పు ఇచ్చింది. అట్లాంటి చోట వేసిన పేపరు నీ పేరుకు మచ్చ. నువ్వు నిజంగా చేసిన మంచి పనిని కూడా జనం అనుమానంగా చూస్తారు.

మరి ఏం రాయాలంటావా? నీ బల్ల మీదకు ఏం వస్తున్నాయో చూడు. రుద్రవరం, శిరివెళ్ల, చాగలమర్రి, కోవెలకుంట్ల నుంచి దవడలో పుండుతో, నాలుక పక్కన గడ్డతో వచ్చేవాళ్ల బయాప్సీలు. గుట్కా, ఖైనీ, వక్కాకు. నువ్వు ‘స్క్వామస్ సెల్ కార్సినోమా’ అని రిపోర్టు ఇస్తావు, ఆ మనిషి కర్నూలుకో హైదరాబాదుకో పోతాడు, ఆ తర్వాత ఏమైనాడో నీకు తెలియదు. నోటి కేన్సర్‌లో గడ్డ వెడల్పు ఒక్కటే చాలదు, ఎంత లోతుకు దిగిందో కూడా చూసి స్టేజి నిర్ణయించాలని టీఎన్ఎం ఎనిమిదో ఎడిషన్ 2018 నుంచి చెప్తూనే ఉంది. ఆపరేషన్ చేసిన ముక్క వచ్చిన ప్రతిసారీ ఆ లోతు మిల్లీమీటర్లలో కొలిచి రాయి. ఏది నమిలేవాడు, ఎన్నేళ్లు, ఏ పక్క బుగ్గన పెట్టేవాడు, ఇవన్నీ అడిగి రాయి. ఫోను నంబరు తీసుకో, ఆరు నెలలకొకసారి పలకరించు. బ్లాకులకు నంబర్లు సరిగా వేసి భద్రంగా పెట్టు, పదేళ్ల తర్వాత ఎవరైనా కొత్త పరీక్ష చేయాలనుకుంటే దొరకాల. మూడేళ్లలో ఒక్క పేపరు వచ్చినా సరే, అందులో మన తాలూకాల మనుషులు ఉంటారు. కేన్సర్ పుస్తకాల్లో వాళ్లు ఇంకా సరిగా చేరలేదు.

మీ గైడు మేడమ్ గారిని అడిగి, ఈ నెల వచ్చిన నోటి బయాప్సీలతోనే మొదలుపెట్టు. రిజిస్టరులో నిలువు గడులు ఎన్ని కావాలో నాకు రాసి పంపు, ఇద్దరం కూర్చొని చూద్దాం.

మీ పెదనాయన