ఆటబండి – కాయకము

కాయకమును కైలాసముతో సమానముగా నిలిపిన ధర్మము మనది. మడివాళ మాచయ్య బట్టలుతికినాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనినాడు. మేదర కేతయ్య బుట్టలల్లినాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినాడు. పన్నెండవ శతాబ్దమున, కల్యాణమందలి అనుభవమంటపములో, బిజ్జలుని కొలువున భండారిగానున్న బసవేశ్వరునితో సమానమైన గౌరవమును ఇట్టి శరణులు పొందినారు. వీరు చేసిన పనులన్నియు లోకమునకు పనికివచ్చినవే. మరి లోకమునకు పనికిరాని పనిని ఒకడు నిండు శ్రద్ధతో చేసినచో దానిని ఏమందుము? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురు కాలేదు. అల్లవరము ప్రాంతమున నా తరగతిగదిలోనే ఎదురైనది.

తొమ్మిదవ తరగతి బాలుడొకనికి కువైటులో పనిచేయు మేనమామ ఒక పెట్టెను తెచ్చి యిచ్చినాడు. పెట్టెలో ఉన్నది కారు కాదు, కారు ముక్కలు. నిజమైన కారును కొలిచి, ప్రతి కొలతను 24వ వంతునకు తగ్గించి, ప్లాస్టిక్కుతో పోతపోసిన భాగములవి. ఒక్కొక్క ముక్కను చట్రమునుండి కత్తిరించి, గరుకు కాగితముతో అంచులు నునుపు చేసి అతుకవలెను. దాని జిగురు మనమెరిగిన బంక వంటిది కాదు. అది ప్లాస్టిక్కునే కొంచెము కరిగించి రెండు ముక్కలను ఏకము చేయును. కనుక తప్పుగా అతికినదానిని విడదీయుట కష్టము. రంగును దట్టముగా ఒక్కసారి పూయరాదు. పలుచని పొర వేసి, అది ఆరిన పిమ్మట మరియొక పొర వేయవలెను. తొందరపడిన చేతి రంగు కారి మరక కట్టును.

ఒకనాడు తెలుగు పాఠము జరుగుచుండగా ఆ బాలుడు పుస్తకము చాటున కారు అడుగుభాగమునకు రంగు వేయుచు నాకు పట్టుబడినాడు. "దీనిని బోర్లించి చూచేవాడెవడురా? అడుగున రంగెందుకు?" అని గద్దించితిని. "నాకు తెలుసు కదండీ మేష్టారూ" అన్నాడు. ఆ మాట నాకు పొగరుగా తోచినది. దానిని లాగుకొని బీరువాలో పెట్టి తాళము వేసితిని. మూడు మాసముల తరువాత తీసి యిచ్చునప్పటికి, పైన పడవేసిన జవాబుపత్రముల కట్టల బరువునకు ముందు ఇరుసు విరిగియున్నది. బాలుడు దానిని రెండు చేతులతో అందుకొని, ఒక్క మాటయు అనక వెళ్లిపోయినాడు. తిట్టినచో మరచిపోయెడివాడనేమో, ఆ మౌనమును మరువలేకపోయితిని.

పాల్కురికి సోమనాథుని బసవపురాణములో గొడగూచి కథ కలదు. ఆ చిన్నది శివుడు నిజముగా పాలు త్రాగుననియే నమ్మి గిన్నె పట్టుకొని గుడికి వెళ్లినది. త్రాగినాడని చెప్పినప్పుడు ఇంటివారు నమ్మలేదు. ఈ కథ చెప్పినప్పుడెల్ల ఆ తలిదండ్రులను చూచి జాలిపడువాడను. నా యెదుట నిలిచిన బాలుని మాటను మాత్రము నమ్మలేకపోతిని. పెద్దలకు ఆటగా కనిపించునది పిల్లవానికి సత్యమైయుండవచ్చునను పాటి ఊహ నాకు కలుగలేదు.

ఇప్పుడు ఆలోచింపగా, ఎవరును చూడని చోట పని యెట్లున్నదో అదియే పనివాని శీలమని తోచుచున్నది. తాపీపనివాడు పూత క్రింద దాగు గోడను ఎట్లు కట్టినాడు? వర్తకుడు బస్తా అడుగున ఏమి పోసినాడు? ఇతరులనడుగుట యెందుకు, ఆ బీరువాలోని జవాబుపత్రముల చివరి పుటలను నేనెంత శ్రద్ధతో చదివి మార్కులు వేసితిని? "నాకు తెలుసు" అనుమాటకంటె పెద్ద సాక్ష్యము లేదు. ఇష్టలింగమును అరచేత నుంచుకొని పూజించువారమైన మనకు, చూచువాడు ఎల్లప్పుడును చేతిలోనే యున్నాడను సంగతి ఒకరు చెప్పవలసినది కాదు.

ఐనను ఈ ఆటబండిని కాయకమనుట తగదు. కాయకము జీవనాధారము, దాని ఫలము దాసోహముగా సమాజమునకు చేరవలెను. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినపుడు, భార్య లక్కమ్మ ఆ మిగులును తిరిగి ఇచ్చి రమ్మన్నది. ఇట్టి పెట్టెలను కొని, విప్పకయే బీరువాల నిండ పేర్చుకొనువారును లోకమున కలరు. వారి యింట లక్కమ్మ యుండిన బాగుండును. బిడ్డల చదువు ఖర్చునకే తడుముకొను సంసారికి అది తగిన వినోదమును కాదు.

ఇంకొక విచారము కలదు. కారు కదలుటకు పుట్టినది. దాని నమూనా కదలదు. జంగమము యొక్క రూపు ధరించిన స్థావరమది. నిలిచినది నశించును, చరించునది నిలుచునని బసవేశ్వరుని బోధ. మరి ఈ కదలని బండిలో చరించునది ఏమైన ఉన్నదా?

అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1930 మొదలు 1968 వరకు ఫిషర్ బాడీ పేరిట బాలురకు పోటీలు నడిపినది. తొలుత నెపోలియను నాటి రాజశకటమును, తరువాత తాము స్వయముగా ఊహించిన కార్లను, పిల్లలు చిన్న కొలతలో చేసి పంపెడివారు. గెలిచినవారికి ఉన్నత విద్యకు విద్యార్థివేతనములు లభించినవి. వారిలో పలువురు పెరిగి పెద్దవారై నిజమైన కార్ల రూపకర్తలైనారు. బండ్లు బీరువాలలో నిలిచినవి; చేతిలోని నేర్పు మాత్రము నడచిపోయినది. మన కొండపల్లిలోను అంతే. తెల్లపొణికి కర్ర ముక్కలను చింతగింజల పిండితో అతికి, రంగులద్ది చేసిన ఎడ్లబండి కొలువులో కూర్చుండును. ఆ విద్య తండ్రినుండి కొడుకునకు సాగును. ఇక మన కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటకు తరలు ఏకాదశ రుద్రుల ప్రభలను చూడుడు. వెదుళ్లతో, రంగువస్త్రములతో ఎంత శ్రమపడి కట్టినను వానిని అద్దాల పెట్టెలో దాచరు. భుజములకెత్తుకొని పొలములగుండ, నీటిగుండ నడిపింతురు.

ఆ బాలుడు విరిగిన ఇరుసునకు రాగితీగ చుట్టి సరిచేసికొన్నాడు. మరియొక పెట్టె కొనలేదు. ఇద్దరు చిన్న తరగతి పిల్లలను వెంటబెట్టుకొని, వీధిలోని ఎడ్లబండిని టేపుతో కొలిచి, కొబ్బరి ఈనెలతోను వెదురు బద్దలతోను 24వ వంతు బండి చేయించినాడు. ఐదడుగుల చక్రము రెండున్నర అంగుళములైనది. నొగలు, కాడి, ఆకులు అన్నియు లెక్క ప్రకారమే. "కొలత 24వ వంతైతే బరువూ 24వ వంతేనా అన్నా?" అని ఒక చిన్నవాడు అడిగినాడు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గును గనుక 24ను మూడుమారులు గుణింపవలెననియు, 13,824వ వంతగుననియు, అదే పదార్థముతో చేసినచో 1,100 కిలోల కారు 80 గ్రాములకు దిగుననియు అతడే నేలమీద వ్రాసి చూపినాడు. నేను వరండాలో నిలిచి వింటిని. నా పాఠములో ఏనాడును నోరు విప్పని బాలుడతడు.

అప్పుడు నా ప్రశ్నకు జవాబు దొరికినది. ఆటబండి కాయకము కాదు, కాయకమునకు అభ్యాసము. మరుగున నుండు భాగమునందును శ్రద్ధ, ఆరువరకు ఆగు ఓర్పు, నేర్చినదానిని మరొకనికిచ్చు గుణము – ఈ మూడును కలిగినచో అది రేపటి కాయకమునకు చేతిని సిద్ధము చేయును. ఈ మూడును లేనిచో జీతము తెచ్చు ఉద్యోగమును వట్టి ఆటయే.

వేసవిలో బాలురకు శిక్షణ నెరపు మఠములవారికి నా విన్నపమొక్కటే. వచనములతోపాటు పిల్లల చేతికి ఏదేని ఒక పనిని గూడ ఈయుడు, ఈనెపుల్లలైనను చాలును. తలిదండ్రులకును ఒక మాట: పిల్లవాని చేతిలోనిదానిని లాగుకొనుటకు ముందు బోర్లించి చూడుడు. అడుగున రంగున్నదేమో!

ఆ బాలునికి క్షమాపణ చెప్పుకొన్నాను. "పర్లేదండీ మేష్టారూ, ఇరుసు ఇప్పుడే గట్టిగా ఉందండీ" అన్నాడు.