పుణ్యం ఎవరిది, మూల్యం ఎవరిది?

హరిశ్చంద్ర నాటకం చూస్తూ పెరిగినవాళ్ళం మనం. కాశీలో చంద్రమతిని అమ్మకానికి పెట్టే ఘట్టం వచ్చేసరికి చూసేవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటారు. ఇంటికి తిరిగి వస్తూ చెప్పుకునేది మాత్రం హరిశ్చంద్రుడి సత్యనిష్ఠ గురించే. మాట ఇచ్చింది ఆయన, అమ్ముడుపోయింది ఆమె. ఈ లెక్క సరైనదేనా అని అడిగేవాళ్ళు తక్కువ. నాకు ఆ ప్రశ్న గట్టిగా ఎదురైంది నాటకంలో కాదు. ఆఫ్రికా దక్షిణభాగంలో ఒక చిన్న ఏటి ఒడ్డున, 1848లో జరిగిన ఒక బాప్తిస్మం గురించి చదివినప్పుడు.

డేవిడ్ లివింగ్‌స్టన్ అంటే జాంబెజీ నది మీది మహాజలపాతాన్ని చూసి లోకానికి చెప్పిన అన్వేషకుడని బడిలో చదువుకున్నాం. అంతకుముందు ఆయన లండన్ మిషనరీ సొసైటీ పంపిన వైద్యుడు, మతబోధకుడు. 1805లో విశాఖపట్నానికి వచ్చి సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నదీ, తరువాత బళ్ళారిలోనూ కడపలోనూ పనిచేసినదీ ఆ సొసైటీవారే. కనుక ఈ కథలోని మనుషులు మనకు మరీ పరాయివాళ్ళు కారు. 1847లో లివింగ్‌స్టన్ ఇప్పటి బోట్స్‌వానా దేశంలోని కోలోబెంగ్ ఏటి పక్కన బక్వేనా తెగవారితో కలిసి కొత్త ఊరు కట్టుకున్నారు. బక్వేనా అంటే మొసలివాళ్ళు. మొసలి వారి తెగకు గుర్తు. అక్కడికి దక్షిణంగా వందల మైళ్ళ దూరంలోని కురుమాన్‌లో ఆయన మామగారు రాబర్ట్ మోఫాట్ బైబిలును సెత్స్వానా భాషలోకి అనువదిస్తూ ఉండేవారు.

కోలోబెంగ్‌లో కాపురం ఎలా ఉండేదో లివింగ్‌స్టన్ 1857లో అచ్చువేసిన తన ప్రయాణాల పుస్తకంలో రాశారు. తెల్లవారుతూనే ప్రార్థన, ఫలహారం, ఆపైన పదకొండు గంటలదాకా పిల్లలకూ పెద్దలకూ బడి. తరువాత ఆయన కమ్మరి, వడ్రంగి, తోటమాలి. ఇంట్లో వాడుకునే సబ్బు, కొవ్వొత్తులు భార్య మేరీ చేతి పనే. చీమలపుట్టకు పెద్ద కన్నం తవ్వి, రాతిపలకను తలుపుగా పెట్టి, దాన్నే పొయ్యిగా చేసుకుని రొట్టె కాల్చుకునేవారు. మధ్యాహ్నం మేరీ చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది, మధ్యమధ్య కుట్టుపని నేర్పేది. వందమంది దాకా పిల్లలు వచ్చేవారట. ఇలాంటి జీవితాన్ని తక్కువ చేసి మాట్లాడే అర్హత మనలో చాలామందికి లేదు. దూరంగా కూర్చుని మిషనరీలందరినీ ఒక్క గాటన కట్టి తిట్టడం ఎంత తేలికో, పూలమాల వేసి పక్కన పెట్టడమూ అంతే తేలిక.

ఆ తెగకు రాజు సెచెలె. ఆయన చిన్నతనంలోనే తండ్రి కుట్రకు బలయ్యాడు. రాజ్యం పోయి కష్టకాలం వచ్చినప్పుడు కొందరు చిన్న నాయకులు తనను విడవకుండా నిలబడ్డారు. మళ్ళీ గద్దెనెక్కిన సెచెలె పెళ్ళాడింది వాళ్ళ కూతుళ్ళను. మొత్తం ఐదుగురు భార్యలు. ఆ పెళ్ళిళ్ళు రాజుగారి విలాసం కాదు. ఆపదలో అండగా నిలిచిన ఇళ్ళతో కట్టుకున్న బంధాలు, ఒక విధంగా అప్పుపత్రాలు.

లివింగ్‌స్టన్ తన ఊరికి కాపురం వచ్చిన మొదటిరోజే సెచెలె అక్షరాలన్నీ నేర్చేసుకున్నాడు. చదువు మరిగి వేట మానేశాడు. కూర్చుని కూర్చుని లావెక్కాడని కూడా లివింగ్‌స్టన్ రాశారు. యెషయా గ్రంథమంటే ఆయనకు ప్రాణం. మొదటిసారి తీర్పుదినం గురించి విన్నప్పుడు ఆయన అడిగిన ప్రశ్న చిన్నదేం కాదు: ఇది మీ పూర్వులకు ముందే తెలిస్తే, మా పూర్వులకు చెప్పడానికి ఎవరూ ఎందుకు రాలేదు? వాళ్ళంతా తెలియకుండానే పోయారు కదా? ఇలా అడిగేవాడు భయంతోనో లాభంతోనో మతం మారేవాడు కాదు.

బాప్తిస్మానికి అడ్డు ఒక్కటే. క్రైస్తవుడికి ఒక్క భార్యే ఉండాలి. లివింగ్‌స్టన్ తొందరపెట్టలేదు. నిజానికి ఆ భార్యలే ఆయన బడిలో అందరికంటే బాగా చదివేవారు. దాదాపు మూడేళ్ళ తరువాత సెచెలె తానే బాప్తిస్మం కావాలన్నాడు. బైబిలు నీ చేతిలో ఉంది, నీకు చదవడం వచ్చు, ఏం చేయాలనుకుంటున్నావని దొర అడిగారు. సెచెలె ఇంటికి వెళ్ళి, పంపించదలచిన భార్యలకు కొత్త బట్టలు పెట్టాడు. వాళ్ళ గుడిసెల్లో దాచుకున్న తన సామానంతా వాళ్ళకే ఇచ్చేశాడు. వీళ్ళలో ఏ తప్పూ లేదు, దేవుడి చిత్తం నెరవేర్చడానికే పంపుతున్నానని కబురు చెప్పి పుట్టిళ్ళకు సాగనంపాడు. మిగిలింది పెద్దభార్య. ఆమెకు కొత్త మతమంటే గిట్టదు. సరైన బట్ట కట్టుకు రమ్మని సెచెలె ఆమెను ప్రార్థన మధ్యలో బయటికి పంపిన రోజులున్నాయి. చదువుకున్నవాళ్ళు వెళ్ళిపోయారు, చదువు వద్దన్న ఆమె ఉండిపోయింది.

1848 అక్టోబరు 1న బాప్తిస్మం జరిగింది. చూడవచ్చిన ముసలివాళ్ళు కొందరు ఏడ్చారు. రాజుకు ఎవరో మందు పెట్టారని వాళ్ళ బాధ. వెళ్ళిపోయిన భార్యల బంధువులంతా కొత్త మతానికి శత్రువులయ్యారు. బడికీ గుడికీ వచ్చేవాళ్ళు రాజు కుటుంబం తప్ప దాదాపు లేకుండా పోయారు. దానికితోడు ఏళ్ళ తరబడి వానలు లేవు. సెచెలె ఒకప్పుడు వానలు రప్పించడంలో పేరుపడ్డ మంత్రగాడు. క్రైస్తవం వదలమన్నవాటన్నింటిలో అదే వదలడం కష్టమైందని ఆయనే అనేవాడు. ఊరంతా ఎండుతూ ఉంటే రాజు చేతులు కట్టుకుని ప్రార్థన చేస్తున్నాడు. కొన్ని నెలలకు, పంపేసిన భార్యల్లో ఒకామె ఆయన వల్లనే గర్భవతి అయిందని తెలిసింది. లివింగ్‌స్టన్ ఆయనను ప్రభురాత్రి భోజనానికి దూరం పెట్టారు. తనను విడిచిపెట్టవద్దనీ, తాను క్రీస్తును విడవననీ సెచెలె బతిమాలుకున్నాడు.

ఈ కథను పతనం కథగా చెప్పడం మామూలు: నిగ్రహం చాలని శిష్యుడు, నిరాశపడ్డ గురువు. నాకు అలా అనిపించదు. అసలు ప్రశ్న ఆ గర్భం దగ్గర మొదలు కాలేదు. కొత్త బట్టలు పెట్టినరోజే మొదలైంది.

మనిషి కొత్త సత్యాన్ని తెలుసుకున్నప్పుడు తనదైనదాన్ని వదులుకోవచ్చు. సెచెలె వేట మానడం, వానమంత్రం మానడం ఆయన ఇష్టం. ఆ లోటు మొదట అనుభవించేది ఆయనే. భార్య అలాంటి వస్తువు కాదు. ఆమెకు ఇచ్చిన మాటలో సగం ఆమెది. పాత ధర్మంలో ఇచ్చిన మాట కొత్త ధర్మం రాగానే చెల్లకుండా పోతుందా? కొత్త యజమాని వచ్చాడని దుకాణం పాత అప్పులు కొట్టేస్తే ఊరు ఒప్పుకోదు. సత్యం కొత్తదైనా బాకీ పాతదే. పైగా ఆ పెద్ద ప్రశ్న వేసింది సెచెలెకు. జవాబు చెప్పింది సెచెలె. జవాబుతో బతకవలసిన ఆడవాళ్ళు మాత్రం ఆ సంభాషణలో లేరు.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. బహుభార్యాత్వమే స్త్రీకి అన్యాయం కదా, దాన్ని తీసేయడం న్యాయం కాదా అంటారు. అన్యాయమే. కాని ఒక అన్యాయాన్ని సరిదిద్దే ఖర్చు దాన్ని అనుభవిస్తున్నవాళ్ళ మీదే వేయడం ఏ న్యాయం? రాజుకు సడలింపు ఇస్తే సంఘం బలవంతులకు వంగుతుందనీ అంటారు. ఇందులో బలం ఉంది. లివింగ్‌స్టన్ ఇబ్బందీ అదే అయివుండాలి. అయినా మూడో దారి లేకపోలేదు: కొత్త పెళ్ళి వద్దు, పాత భార్యను తరమవద్దు. నటాల్ బిషప్ జాన్ కొలెన్సో 1855లోనే ఈ మాట అన్నారు. ఆయన లివింగ్‌స్టన్ సంఘంవాడు కాదు, ఆంగ్లికన్. ఆంగ్లికన్ బిషప్పులు 1888లో లాంబెత్ సభలో ఇలాంటి పురుషులకు బాప్తిస్మం ఇవ్వకూడదని తీర్మానించారు. సరిగ్గా నూరేళ్ళకు, 1988లో, అదే సభ మాట మార్చింది. ఉన్న భార్యలు బతికివుండగా మళ్ళీ పెళ్ళి చేసుకోనని మాట ఇస్తే, స్థానిక సంఘం ఒప్పుకుంటే బాప్తిస్మం ఇవ్వవచ్చు. భార్యలను వదలమని బలవంతపెట్టకూడదు, వదిలితే వాళ్ళు దిక్కులేనివాళ్ళవుతారు. ఈ చిన్న విషయం తెలియడానికి నూరేళ్ళు పట్టింది. పుట్టింటికి మూట పట్టుకుని నడిచిన ఏ ఆడదాన్ని అడిగినా ఆ రోజే చెప్పేది.

ఇక్కడితో ఆపితే లివింగ్‌స్టన్‌కు అన్యాయం చేసినట్టవుతుంది. ఆయన ఇంటి లెక్క కూడా చూడాలి. 1850లో మేరీకి పుట్టిన ఆడబిడ్డ కొద్ది వారాలకే కోలోబెంగ్‌లో కన్నుమూసింది. 1852లో ఆయన ఖండం లోపలి దారులు వెతకడానికి బయలుదేరుతూ మేరీనీ నలుగురు పిల్లలనూ ఓడ ఎక్కించి బ్రిటన్‌కు పంపేశారు. నాలుగేళ్ళకు పైగా ఆమె అక్కడ చాలీచాలని డబ్బుతో గడిపింది. తరువాత భర్తను వెతుక్కుంటూ వచ్చి, 1862లో జాంబెజీ ఒడ్డున షుపాంగాలో జ్వరంతో చనిపోయింది. పిల్లలతో ఆడుకోవడానికి పొద్దు కేటాయించలేదే అని లివింగ్‌స్టన్ తరువాత బాధపడ్డారు. దేవుడి పిలుపు వినబడింది భర్తకు. ఇల్లు వదలవలసింది భార్య. పంపించిన ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ ప్రేమ ఉన్నవాళ్ళే. అందుకే ఇది ఏదో ఒక మతం తప్పో, ఒక ఖండం తప్పో కాదంటున్నాను. ఆదర్శం ఎంత పెద్దదైతే, దానికోసం ఇంటివాళ్ళను ఖర్చుపెట్టడం అంత సహజంగా కనిపిస్తుంది. సిద్ధార్థుడు అర్ధరాత్రి గడప దాటినప్పుడు యశోధర నిద్రపోతూనే ఉంది. చంద్రమతి పరిస్థితి ఒక్క విషయంలో మెరుగు: తనను అమ్మమని ఆమే అంది. కనీసం ఆమెకు నోరుంది.

అయితే ఎవరికీ నొప్పి తగలకుండా ఏ మంచిపనీ చేయలేమా? చేయలేం. సంఘసంస్కర్త ఇంటిని బంధువులు వెలివేస్తే భార్యా పిల్లలూ ఆ వెలిని మోయవలసిందే. నా ఉద్దేశంలో తేడా ఒక్కచోట ఉంది. మన నిర్ణయం వల్ల పరులు మనమీద కక్షగట్టి మనవాళ్ళను బాధపెట్టడం ఒకటి. మనవాళ్ళను విడిచిపెట్టడమే మన నిర్ణయం కావడం వేరొకటి. మొదటిదాంట్లో వాళ్ళు మనతో కలిసి మోస్తారు. రెండోదాంట్లో వాళ్ళే మనం దించుకున్న బరువు.

సెచెలె తరువాతి కథ చాలామందికి తెలియదు. 1852లో బోయర్లు ఊరిమీద పడి స్త్రీలనూ పిల్లలనూ పట్టుకుపోయారు. కోలోబెంగ్‌లో లివింగ్‌స్టన్ ఇల్లు దోచి పుస్తకాలు చింపేశారు. లివింగ్‌స్టన్ మళ్ళీ అక్కడ కాపురం పెట్టలేదు. ప్రభువు బల్లకు దూరమైన సెచెలె మాత్రం ప్రార్థన మానలేదు. తన ప్రజలకు తానే చదవడం నేర్పాడు, తానే బోధించాడు, 1857లో జర్మన్ మిషనరీలను పిలిపించుకున్నాడు. 1892లో చనిపోయేనాటికి బక్వేనా దేశంలో క్రైస్తవం వేళ్ళూనిందంటే దొర నిలిపిన నియమం వల్ల ఎంతో, ఆ నియమం దగ్గర తప్పిన మనిషి వల్ల అంతకంటే ఎక్కువ.

పుట్టిళ్ళకు వెళ్ళిన ఆ స్త్రీలు బడిలో నేర్చుకున్న అక్షరాలను కూడా వెంట తీసుకుపోయి ఉంటారు. వాటితో ఏం చదువుకున్నారో, ఎవరికి చెప్పారో మనదాకా రాలేదు. ఈసారి హరిశ్చంద్ర చూసినప్పుడు కాటిసీను పద్యాల కోసం ఎదురుచూసే ముందు, కాశీ వీధిలో నిలబడ్డ చంద్రమతి వైపు ఒక్క నిమిషం ఎక్కువ చూద్దాం. మన ఇళ్ళలోనూ ఎవరి పుణ్యానికి ఎవరు మూల్యం కడుతున్నారో చూసుకోవడానికి ఆ నిమిషం చాలు.