తాటి తలపై మర్రి



హబ్సిగూడ అను పేరు హబ్షీలను, అనగా ఆఫ్రికాలోని అబిసీనియా వారిని తలపించును. ఆ ఖండపు అడవులలోను, గడ్డి మైదానములలోను ఇతర వృక్షములను పెనవేసి పెరుగు మర్రిజాతి చెట్లు కలవు. హబ్సిగూడవారు ఆ వింతకై అంత దూరము పోవనక్కరలేదు. ఊరు దాటిన, తాటిని కౌగిలించిన మర్రి తెలంగాణ పల్లెలలో కనబడును.

పక్షి మర్రిపండు తిని, విత్తును తాటిమట్టల సందున విడుచును. అచట చేరిన పిడికెడు మట్టియే మొలకకు ఆధారము. వేళ్లు మెల్లగా మ్రాను వెంట దిగి నేలను చేరును. అంతవరకు అణగియున్న మొక్క అటుపిమ్మట విజృంభించును. వేళ్లు ఒకదానితో నొకటి అతుకుకొని వలవలె అల్లుకొనును. ఆకులు పైన కమ్మును. తాటికి ఉన్నది తలపై ఒక్క మొవ్వే. వెలుగు కరవై, నేలలోని నీరును పంచుకొనవలసివచ్చి, అది క్రమముగా క్షీణించును. గొడ్డలి వేటు లేదు, కౌగిలియే కారణము.

మర్రిని నిందింపరాదు. దానికి వివేకము లేదు. పైగా దాని పండ్లు పక్షులకు ఆహారము. మానవుని మాట వేరు. తల్లిదండ్రుల భుజములపై ఎదిగి, తన వేరు నేలకు తగిలిన పిదప వారిని ఇంటి మూలకు చేర్చినవాడును, చక్కగా చూచుకొనుచున్నాననియే తలచును. వారి మాటకు చోటు, చేతికి పని, ముఖమున వెలుగు మిగిలెనా అని తన్ను తాను ప్రశ్నించుకొనడు.

12వ శతాబ్దమున బసవేశ్వరుడు కాయకముతోపాటు దాసోహమును బోధించెను. ఆ దాసోహము మొదట తన్ను మోసినవారికి చెందవలెను. మర్రివిత్తు వలెనే అహంకారమును తలపైననే మొలచును. వేరు నేలకు దిగకమునుపే పెరికివేయుట సులభము.